పెరటి గుమ్మం మీద ముద్ద

“దాని నోరు పెరుగు వాసన వస్తోంది అమ్మమ్మా.”

“వస్తే ఏం? కుక్క నోరు అత్తరు వాసన వస్తుందా?”

“కంపెనీ మేతలో పెరుగుండదు.”

“ఏ విస్తరాకు నాకిందో! దాని వెనకాలే తిరుగుతూ కూచోనా నేను, పనీపాటా లేకుండా?”

“నా చేతిలో పట్టీ లేకుండా అది వీధిలోకి పోదు. ఇంక విస్తరాకు ఎక్కడిది? సూటిగా చెప్పు. పెట్టావా, లేదా?”

“పెట్టలేదు.”

“నా తల మీద చెయ్యేసి చెప్పు.”

“తలల మీద చేతులేసే అలవాటు మనింట్లో లేదు. లేదంటే లేదు, అంతే.”

అప్పటికి పొద్దు వాలుతోంది. తెనాలిలో కాలవ పక్క సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద నా మనవరాలు, వంటగది గడప మీద నేను, మా ఇద్దరి మధ్య గచ్చు మీద ఆ కుక్క. గోధుమ రంగుది, పెయ్యదూడంత ఉంటుంది. గడ్డం నేలకు ఆనించి పడుకుని నా కుడి చేతినే చూస్తోంది. ఎవరు పెట్టారో తెలియడానికి ఆ చూపు ఒక్కటి చాలు. కానీ నా మనవరాలికి కళ్ళు కనబడవు. కనబడవని తెలిసే నేను అంత ధైర్యంగా అబద్ధం ఆడాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి కంపెనీ జీపు వస్తుంది. కుక్కకు చేత్తో తిండి పెడుతున్నది ఎవరో ఆలోగా తేలకపోతే దాన్ని ఎక్కించుకుని తీసుకుపోతారు. అది పోతే పిల్ల ఉద్యోగానికి తనంతట తాను వెళ్ళలేదు. మళ్ళీ నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. నా మోకాళ్ళు ఇంక ఆ పనికి రావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇదంతా రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయినప్పటి మాట. కొట్ల ముందు ఎర్ర ఫోను డబ్బాలు వేలాడుతుండే రోజులు.

నా పుట్టిల్లు రేపల్లె, మెట్టినిల్లు తెనాలి. అయిదో తరగతితో చదువు మానిపించారు. నా కూతుర్ని మళ్ళీ రేపల్లెకే ఇచ్చాను. ఈ పిల్లకు పదకొండేళ్ళు ఉండగా నా కూతురు పోయింది. అల్లుడు ఏడాది తిరగకుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అందుకు నేనేమీ అనలేదు, వంట చేసే మనిషి కావాలి కదా అని ఊరుకున్నాను. పిల్లకు పద్నాలుగో ఏట మెదడుకు జ్వరం వచ్చింది. ప్రాణం మిగిలింది, చూపు మిగల్లేదు. గుంటూరు, విజయవాడ ఆసుపత్రులన్నీ అయ్యాక అల్లుడు అరుగు మీద కూర్చుని, “ఏదైనా ఆశ్రమంలో చేర్పిద్దాం అత్తయ్యా, అక్కడైతే అందరూ ఇలాంటివాళ్ళే ఉంటారు, తోడుగా ఉంటుంది” అన్నాడు. పిల్ల లోపలి గదిలోంచి వింటోంది. నేను దాని బట్టలు ఒక సంచిలో కుక్కి, ఆ మధ్యాహ్నం బండికే తెనాలి తీసుకొచ్చేశాను. ఇంక మీ గుమ్మం ఎక్కనని చెప్పి మరీ వచ్చాను.

ఇక్కడ నా చేతుల్లోనే పెరిగింది. గట్టిగా పెంచాను. కనబడదు కదా అని అన్నం పళ్ళెం చేతికి ఇవ్వలేదు, తడుముకుని తీసుకోమన్నాను. దీపం పెట్టే వేళకు చదువు, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం. ఒక్క పొయ్యి దగ్గరకే రానివ్వలేదు. టెలిఫోను బోర్డు పని నేర్చుకుంది. ఒకసారి విన్న గొంతు మరిచిపోదు. బాపట్లలో రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ఒకటి ఉంటే, దాని ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం ఇచ్చారు.

ఉద్యోగం పిల్లది, డ్యూటీ ఇద్దరిదీ. పొద్దున్న ఎనిమిదిన్నర బండికి ఎక్కించడం, బాపట్లలో దింపడం, అక్కడినుంచి రిక్షా, సాయంత్రం మళ్ళీ అదే తోవ. మధ్యలో ఇంటికి వచ్చి వెళ్ళడం దండగని ఆఫీసు మెట్ల కింద ఒక బల్ల ఉంటే దాని మీదే కూర్చునేదాన్ని. మూడేళ్ళు కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే సైకిళ్ళ గోడ, నీళ్ళ పంపు, ఆ పంపు కింద పాకుడు పట్టిన గచ్చు. అంతకన్నా ఇంకేమీ కనబడదు. ఎండ సైకిళ్ళ గోడ మీద ఎక్కడిదాకా వస్తే గంట ఎంతయిందో చెప్పగలిగేదాన్ని. ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. ఇంటినుంచి కందిపప్పు మూట తెచ్చుకుని రాళ్ళు ఏరుకునేదాన్ని. మా పప్పు అయిపోతే పక్కింటివాళ్ళ పప్పు.

గేటు దగ్గర మనిషి ఒకరోజు, “మామ్మగారూ, మీక్కూడా జీతం ఇస్తున్నారేంటి?” అని నవ్వాడు.

“మీ ఆఫీసులో కూడా కాసిని రాళ్ళున్నాయి నాయనా, ఏరమంటే ఏరతాను” అన్నాను. మళ్ళీ నా జోలికి రాలేదు.

ఆ కంపెనీ యజమాని తల్లికి పెద్దతనంలో చూపు పోయిందట. ఆవిడ ఉండగానే ఆయన కర్లపాలెం దగ్గర తమ సరుగుడు తోటలో కొంత చోటు ఇచ్చి, చూపులేని వాళ్ళకు దారి చూపించే కుక్కలకు పని నేర్పే సంస్థ ఒకటి పెట్టించాడు. సంస్థను నడిపేది వేరే పెద్దమనుషులు. మేత, పశువుల డాక్టరు, షెడ్ల మీద రేకులు, నేర్పే మనిషి జీతం మాత్రం కంపెనీవి. మేము చేరేసరికే అది ఏళ్ళ తరబడి నడుస్తోంది. తల్లి పోయాక కూడా ఆపలేదు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి కంపెనీ సగం పని ఆపేసిన ఏడాది కూడా తోటకు వెళ్ళే మేత ఆగలేదట. “మమ్మల్ని ఇంటికి పంపారు గానీ కుక్కల్ని పంపలేదు” అని పనివాళ్ళు అప్పుడు గొణిగారని గేటు మనిషే చెప్పాడు.

ఏడాదికి ఒకటో రెండో కుక్కలు తయారయ్యేవి. ఒక ఏడు నా మనవరాలి పేరు వచ్చింది.

ఇల్లు చూడడానికి తోటలో నేర్పే ఆయన వచ్చాడు. సాయిబు. ఆయనకు అరవై దాటి ఉంటాయి, పోలీసు కుక్కల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. చెప్పులు సందులోనే విడిచి గుమ్మం బయట నిలబడ్డాడు.

“కుక్క గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు సాయిబు గారూ. మా ఇంట్లో నీచు కూడా వండం” అన్నాను.

“మా ఇంట్లోనూ కుక్క గుమ్మం దాటదండి పెద్దమ్మగారూ. తోటలో స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్తే తప్ప మా ఆవిడ తలుపు తియ్యదు. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇదే గొడవండి.”

“మరి మమ్మల్ని లోపల పెట్టుకోమంటున్నారేంటి?”

“అమ్మాయికి కళ్ళుంటే అడిగేవాణ్ణి కాదండి.”

ముందు గది దాకా రానిస్తానన్నాను. వంటగదిలోకి, దేవుడి గూటి దగ్గరికి రాకూడదన్నాను. ఆయన సరేనన్నాడు. పిల్ల ఇరవై రోజులు తోటలో ఉండి కుక్కతో నడవడం నేర్చుకుంది. ఆడవాళ్ళకు వేరే గది ఉందంటేనే పంపాను.

కంపెనీ ఆవరణలో ఫోటో తీశారు. ఇంక అయిపోయింది అనుకున్నాను. నేను ఎరిగినంతలో ఇచ్చినవాళ్ళు ఫోటో అయ్యాక మళ్ళీ కనబడరు. మా సందులో ఒకావిడకు కుట్టు మిషను ఇచ్చారు, సూది విరిగితే అడిగిన నాథుడు లేడు. వీళ్ళు అలా కాదు. ప్రతి నెలా మొదటి శనివారం సాయిబు గారు వచ్చేవాడు. కుక్క బరువు చూసేవాడు, గోళ్ళు చూసేవాడు, చెవులు తిప్పి చూసేవాడు. పిల్ల స్టేషను దాకా నడుస్తుంటే ఇరవై అడుగుల వెనక నడిచి అన్నీ పుస్తకంలో రాసుకునేవాడు. కుక్క బతికున్నన్నాళ్ళూ ఇంతేనట, అది ముసలిదైతే ఇంకోటి ఇస్తారట. పిల్ల సంబరపడింది. నాకు మాత్రం మెడకు తాడు పడినట్టే ఉంది. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికినదాన్ని, నెలనెలా ఒకరు వచ్చి నా ఇంట్లో మంచి చెడ్డలు రాసుకుని పోతుంటే నిలబడి చూడాల్సి వచ్చింది.

కట్టుబాట్లు చాలా ఉండేవి. పట్టీ కట్టి ఉన్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, పలకరించకూడదు. కంపెనీ మేత గోలీల్లా ఉంటుంది, ఎండుచేపల వాసన. అది పిల్లే డబ్బాతో కొలిచి, స్టీలు గిన్నెలో పోసి, ఈల వేసి పెట్టాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంకెవరూ, ఇంకేమీ, చేత్తో అసలే పెట్టకూడదు. “చేత్తో పెట్టిన మనిషి వెనకే అది పోతుందండి, అమ్మాయి చెప్పేది వినదు” అని సాయిబు గారు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. నేను విన్నాను. వినలేదని చెప్పను.

మొదటి వారాలు నేను పది అడుగుల వెనక నడిచాను. తరువాత స్టేషను దాకా. తరువాత సందు చివరిదాకా. ఒకరోజు సందు మొదట్లోనే ఆగిపోయాను. పిల్ల ఒక్కతే బాపట్ల వెళ్ళి, సాయంత్రం ఒక్కతే తిరిగి వచ్చింది. “అమ్మమ్మా, రైల్లో నా పక్కన ఎవరో మల్లెపూలు పెట్టుకుని కూచున్నారు” అని చెప్పింది. మూడేళ్ళు నేను పక్కన కూర్చుని తీసుకెళ్ళాను, ఏనాడూ నాకు ఇలాంటి మాట చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి పగలంతా ఇంట్లో నేను ఒక్కదాన్ని. మెట్ల కింద బల్ల మీద కూర్చున్నన్నాళ్ళూ ఇల్లు ఇల్లు అని కొట్టుకున్నాను. ఇల్లు దొరికేసరికి అది కూడా ఆ బల్లలాగే అనిపించింది. గోడలు మాత్రం నాలుగు ఎక్కువ.

అసలు సంగతికి వస్తాను. మా ఇంట్లో భోజనం చివర ఒక ముద్ద మిగల్చడం మా అమ్మ నాటి నుంచి ఉంది. పెరుగు కలిపిన ముద్ద ఒకటి పెరటి గుమ్మం మీద పెట్టి, నీళ్ళు చిలకరించి వస్తాం. అది కుక్కది. ఏ వీధి కుక్కో వచ్చి తినిపోతుంది. ఎంత కరువు రోజైనా నేను ఆ ముద్ద మానలేదు, ఎంత కలిగిన రోజైనా రెండో ముద్ద పెట్టలేదు. ఈ కుక్క ఇంట్లోకి వచ్చాక పెరటివైపు వీధి కుక్కలు రావడం మానేశాయి. దీని వాసనకు భయమో ఏమో. నేను పెట్టిన ముద్ద అలాగే ఉండిపోయేది. మొదటిరోజు చీమలు పట్టాయి. రెండో రోజు ఎండి పెళుసుకట్టింది. మూడో రోజు నా చేత్తో నేనే కాలవలో వేశాను. అన్నం కాలవలో వెయ్యడం నా జన్మలో అదే మొదలు.

నాలుగో రోజు ఆదివారం, పిల్ల స్నానానికి వెళ్ళింది. ముద్ద చేతిలో ఉంది. కుక్కకు పెట్టాల్సిన ముద్ద, ఎదురుగా కుక్క. పెరటి గుమ్మంలో కూర్చుని అరచేతిలో పెట్టి చాపాను. అది మొదట తినలేదు. తల తిప్పేసింది. అంత బాగా నేర్పి ఉన్నారు దానికి. “తినవే, విషం కాదు” అన్నాను. తింది. నా చెయ్యి అంతా నాకింది. దాని నాలుక వెచ్చగా ఉంది.

అక్కడినుంచి రోజూ సాయంత్రం పిల్ల బట్టలు మార్చుకునే వేళకు ఒక ముద్ద. తరువాత పాలగిన్నె గోకుడు. తరువాత పొద్దుటి ఇడ్లీ మిగిలితే అది. ఏదీ పారేసే బాధ లేదు. నా వంటగది అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

నెల తిరిగేసరికి సాయిబు గారి కాటాలో బరువు పెరిగింది. “మేత కొలత ఎక్కువవుతోందమ్మా, తగ్గించు” అని పిల్లకు చెప్పాడు. పిల్ల డబ్బా అంచు కన్నా వెలితిగా కొలిచి పోసింది. కుక్కకు ఆకలి, నా వైపు చూసేది. నేను ఇంకో అర ముద్ద పెట్టేదాన్ని. మరుసటి నెల మళ్ళీ బరువు పెరిగింది. పిల్ల డబ్బా చేత్తో పట్టుకుని అంచు తడుముకుంటూ, “సరిగ్గానే కొలుస్తున్నాను సార్, ఒట్టు” అంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఇంట్లో ఎవరు చిన్న అబద్ధం ఆడినా అన్నం పెట్టకుండా కూర్చోబెట్టినదాన్ని నేను. ఇప్పుడు ఎదురుగా కూర్చుని నాది నేను ఎలా ఒప్పుకోవడం?

రేపు మానేద్దాం అనుకునేదాన్ని. మానిన రోజు అది వంటగది గడప ముందు పడుకుని మూలిగేది. పిల్ల, “ఎందుకే మూలుగుతున్నావు, ఏమైంది?” అని దాని ఒళ్ళంతా తడిమి చూసేది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని. మూలుగు వింటే అడుగుతుంది, అడిగితే చెప్పాలి. అందుకని మూలగకుండా ఉండడానికి పెట్టేదాన్ని. ఎటు తిరిగినా ఆ ముద్ద నా చేతికే అంటుకుని ఉంది.

ఆ తరువాత బాపట్ల స్టేషనులో అయింది. పిల్ల సాయంత్రం బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కాస్త అవతల నేల మీద ఎవరో పెద్దావిడ, నేత చీర కట్టుకుని, క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకుంటోందట. కుక్క ఒక్కసారిగా అటు లాగింది. పిల్ల పట్టీ వదల్లేదు, పడింది. మోకాలు చీరుకుపోయింది, గాజులు పగిలాయి. తల ప్లాట్‌ఫారం అంచుకు జానెడు దూరంలో ఉందని లేవదీసినవాళ్ళు చెప్పారు. బండి అప్పటికి రాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

గాయానికి పసుపు అద్దుతుంటే, “అది ఎప్పుడూ ఇలా చెయ్యలేదమ్మమ్మా, దానికేదో అయింది” అని కుక్క కోసమే ఏడ్చింది.

పిల్ల పడిన కబురు ఆఫీసు నుంచి తెలిసి, నాలుగో రోజు మధ్యాహ్నం సాయిబు గారు వచ్చాడు. శనివారం కాదు. పిల్ల సెలవులో ఉంది. కుక్కను సందులో నడిపించి చూశాడు, లోపలికి తెచ్చాడు. గుమ్మం బయటే నిలబడి మా ఇద్దరికీ కలిపి చెప్పాడు.

“దీనికి ఎవరో చేత్తో పెడుతున్నారండి. కింద కూచుని పెడుతున్నారు, పెరుగన్నం పెడుతున్నారు. ఎవరని నేను అడగను. నేను పట్టుకుంటే ఇంకోసారి దాచిపెట్టి పెడతారు. వాళ్ళంతట వాళ్ళు చెబితేనే మానతారు, అది నేను చూశాను. రేపు ఏడింటికి జీపు తెస్తాను. చెబితే కుక్క ఉంటుంది. కానీ పెట్టిన చెయ్యి నలభై రోజులు దీని కంట పడకూడదు. ఈ ఇంట్లోనే అలవాటైంది, ఈ ఇంట్లోనే మానాలి. చెప్పకపోతే తీసుకెళ్ళి చీరాలలో ఒక మేష్టారికి ఇస్తాం. రెండేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడాయన.”

“మళ్ళీ నాకు ఇస్తారా సార్?” అంది పిల్ల.

“కంపెనీ ఎక్కడికీ పోదమ్మా. ఇస్తారు. ఎప్పటికో చెప్పలేను.”

సాయంత్రం ఆయన వెళ్ళాక పిల్ల కుక్క మూతి రెండు చేతులతో పట్టుకుని వాసన చూసింది. మొదట్లో రాసిన తగాదా అక్కడ మొదలైంది.

తల మీద చెయ్యేసి చెప్పమంటే నేను వెయ్యకపోయేసరికి కుక్క మూతి వదిలేసింది. తరువాత, “రెండు నెలలు నేను కొలత తప్పుతున్నానని ఏడ్చాను, తెలుసా నీకు?” అంది.

“ఏడవమని ఎవరు చెప్పారు?”

“అదిగో, అలా మాట్లాడతావనే నీకు ఏదీ చెప్పను.”

“ఏంటే నాకు చెప్పనిది?”

“నాన్న ఆఫీసుకి ఫోన్ చేస్తాడు. ఏడాదైంది. ఆ లైను నాకు నేనే కలుపుకుంటాను. నీ మోకాళ్ళ సంగతి చెబితే, అత్తయ్యని కొన్నాళ్ళు రమ్మను, ఇక్కడ డాక్టరు మంచివాడు అన్నాడు.”

“ఏడాది పాటు నా ముందు తిని, నా ముందు పడుకుని...” అన్నాను.

“నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నేను అడిగాను, నువ్వు చెప్పలేదు. తేడా లేదూ?”

“రేపల్లె గుమ్మం ఎక్కనన్నాను నేను. నీ కోసమే అన్నాను.”

“నా కోసం అన్నావు. నన్ను అడిగావా?”

“నలభై రోజులు నేను పోతే నీకు ఉడకేసి పెట్టేదెవరే?”

ఆ మాట నోట్లోంచి జారాక తెలిసింది ఏమన్నానో. పిల్లకు కూడా తెలిసింది. గెలిచినట్టు ఏమీ అనలేదు. నెమ్మదిగా, “తోటలో ఇరవై రోజులు నేనే వండుకున్నాను. గ్యాసు వెలిగించడం వచ్చు నాకు. తాళింపు చిటపటలు వింటే చాలు, ఎప్పుడు దింపాలో తెలుస్తుంది” అంది.

“నాతో అనలేదేం?”

“అంటే పొయ్యి దగ్గరికి రానిస్తావా?”

నేను లేచి వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పెట్టానని మాత్రం అప్పటికీ అనలేదు. అక్కడ పీట మీద కూర్చుంటే ఒకవైపు మెట్ల కింద బల్ల కనబడింది, ఒకవైపు అల్లుడి అరుగు కనబడింది. మూడో తోవ కోసం వెతికాను. చెప్పకుండా ఊరుకుంటే చీరాల మేష్టారికి కుక్క వస్తుంది, ఒక పుణ్యం కదా అని కూడా ఆలోచించాను. అంత సిగ్గులేని ఆలోచన నాకు ముందెప్పుడూ రాలేదు. దీపాల వేళకు ఇద్దరం అన్నం తిన్నాం. ఆఖరి ముద్ద నేనే తినేశాను. అది గొంతు దిగడానికి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

పొద్దున్న ఏడు కాకముందే జీపు సందు మొదట్లో ఆగింది. సాయిబు గారు గుమ్మం బయట నిలబడ్డాడు. పిల్ల స్నానం చేసి, చీర కట్టుకుని, కుక్క పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“నేనే పెట్టాను” అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. పుస్తకం తీసి, ఎప్పటినుంచి, ఏమేమి, రోజుకు ఎంత అని అడిగాడు. పెరుగన్నం, పాలగిన్నె గోకుడు, ఇడ్లీలు, అన్నీ చెప్పాను. పిల్ల పడిన రోజు సాయంత్రం కూడా పెట్టానని చెప్పాను. అది వినగానే పిల్ల తల వంచుకుంది. ఆయన రాయడం ఆపి, మళ్ళీ రాశాడు.

“ఎక్కడికి వెళ్తారండి పెద్దమ్మగారూ?”

“రేపల్లె. మా అల్లుడి ఇంటికి.”

“నలభై రోజులండి. మధ్యలో ఒక్కసారి వచ్చి కనబడినా మళ్ళీ మొదటికి వస్తుంది.”

“రాను.”

ఇంక సెలవు చాలని, ఆఫీసుకు బయల్దేరుతూ పిల్ల కుక్కకు పట్టీ కట్టింది. ఆవాల డబ్బా ఎక్కడుందో, బియ్యం ఎంత పొయ్యాలో చెప్పబోయాను. “తెలుసు అమ్మమ్మా” అంది. చెయ్యి చాపితే నా భుజం తగిలింది, ఒకసారి నొక్కి వదిలేసింది. నేను వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను, కుక్కకు కనబడకుండా. అది గడప ముందు ఆగింది. పిల్ల పట్టీ లాగి “నడు” అంది. రెండుసార్లు అనాల్సి వచ్చింది. తరువాత గోళ్ళ చప్పుడు సందులోకి వెళ్ళిపోయింది. సాయిబు గారు వెనక నడిచాడు. జీపు ఖాళీగా తిరిగి వెళ్ళింది.

నేను రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. బాపట్ల వైపు బండి వెళ్ళిపోయేదాకా ఆగి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి స్టేషనుకు నడిచాను. ఆ ప్లాట్‌ఫారం అప్పటికే ఖాళీ అయింది. రేపల్లెకు టిక్కెట్టు తీసుకుని, వంతెన మెట్లు ఒక్కొక్కటీ ఎక్కి దిగి, పది గంటల బండి ఎక్కాను.